వృత్తసంఖ్యా విచారము

ఛందోగ్రంథములఁ జదివినవారికి 13,42,17,726 అను సంఖ్య క్రొత్తది కాదు. ఉక్త మొదలుకొని యుత్కృతివఱకుఁ గల యిరువదియాఱు ఛందములందును బుట్టు సమవృత్తముల మొత్తమిది. పదమూఁడుకోట్ల నలువదిరెండులక్షల పదునేడువేల యేడువందల యిరువదియాఱని గురువులు చెప్పుదురు, శిష్యులు వల్లింతురు, అంతటితో నా ప్రసంగము ముగియును. వృత్తము లనంతములని చెప్పుటకు మాఱుగా నొక పెద్దసంఖ్యను జెప్పినారని తలఁచువారును గలరు. కాని యిది యతిశయోక్తి కాదు, లెక్క. లెక్క యైనప్పుడు దానికి హేతువుండును, పరీక్ష యుండును, తనదగు స్వభావమును నుండును. ఆ స్వభావమును గొంత విచారించుట యీ వ్యాసమున నా యుద్దేశము.

ఈ విచారమునకు నన్నుఁ బురికొల్పినది నా తప్పే. ఇరువదియేండ్ల క్రిందట నేనొక పాఠశాలలో నాంధ్రపండితుఁడనై యున్నప్పుడు పరీక్షలో వృత్తముల మొత్తమెంత యని యడిగితిని. అప్పుడు మేము చెప్పుచుండిన వాచకమున 13,42,17,728 అని యచ్చుపడి యుండెను. ఒక బాలుఁడు కడపటి యంకెను 6 అని వ్రాసెను. నేను వాచకమును జూచి వాని యుత్తరమును గొట్టివేసి యొక మార్కు తగ్గించితిని. మఱునాఁడు వాఁడు వచ్చి, "మా తాతగారు ఆఱనియే చెప్పినారండి" అనెను. "అచ్చుపుస్తకముకంటె మీ తాతగారెక్కువా?" అని పంపివేసితిని. ఒక మాత్ర మాఱినఁ బదమే మాఱునని దినమెల్ల బోధించు నేను, అంకె మాఱినచోట నొక్కసారి గుణించి చూడనైతిని. కొన్ని నెలల పిమ్మట నింకొక పనికై లెక్క చేయఁగాఁ దాతగారి మాటయే సరియని తేలినది. అప్పటికా బాలుని తండ్రికి వేఱొక యూరికి బదిలీ యయ్యెను.

అటుపిమ్మట నీ సంఖ్య యెక్కడఁ గనఁబడినను గడపటి యంకెను జూచుట నాకలవాటయ్యెను. ఒకచోట 6, ఒకచోట 7, ఒకచోట 8. మొదట నివి యన్నియు లేఖకుల పొరపాటులే యనుకొంటిని. విచారింపఁగా విషయమట్లు లేదు. ఈ మూఁడును మూఁడు వేర్వేఱు ప్రశ్నలకు సరియైన యుత్తరములు. తప్పు సంఖ్యలో లేదు. ఒక ప్రశ్న యుత్తరమును మఱియొక ప్రశ్నకుఁ జెప్పుటలో నున్నది.

మొదట మొత్తము వచ్చు మార్గమును జూతము. పాదమున నొక్కటే యక్షరమున్న నది గురువో లఘువో కావలెను గాన ఉక్తచ్ఛందమున రెండు వృత్తములు. అక్షరమొకటి పెరిగినకొలఁది మునుపటి ప్రతివృత్తమును గుర్వంతముగా నొకటి, లఘ్వంతముగా నొకటి యగును గాన సంఖ్య యిబ్బడించును. అత్యుక్తకు 4, మధ్యకు 8, ప్రతిష్ఠకు 16, సుప్రతిష్ఠకు 32, గాయత్రికి 64. ఇట్లే పోఁగా జగతికి 4096, అతిజగతికి 8192, తుదిదగు నుత్కృతికి 6,71,08,864. ఇంతవఱకు నందఱెఱిఁగినదే.

అయితే యిరువదియాఱుమాఱు లిబ్బడించుట యవసరము లేకయే యుత్కృతిసంఖ్యను దెచ్చు నుపాయమును బింగళుఁడు తన ఛందస్సూత్రముల కడపట నుపదేశించెను. నా యెఱిఁగినంతలో సూత్రకారుల లాఘవమున కింతకంటెఁ జక్కని నిదర్శనము తక్కువ. అక్షరసంఖ్య సరియైనదైనచో సగము చేసి రెండను గుర్తు పెట్టవలెను. బేసియైనచో నొకటి తీసివేసి సున్న పెట్టవలెను. సున్న మిగులువఱకు నిట్లు చేయవలెను. 26 లో సగము 13, గుర్తు రెండు. 13 బేసి, ఒకటి తీయఁగా 12, గుర్తు సున్న. 12 లో సగము 6, రెండు. 6 లో సగము 3, రెండు. 3 బేసి, తీయఁగా 2, సున్న. 2 లో సగము 1, రెండు. 1 లో నొకటి తీయఁగా సున్న మిగిలినది, గుర్తు సున్న. ఇఁక నొకటిని దీసికొని గుర్తులను గడపటినుండి మొదటికిఁ జదువుచు, సున్న యున్నచోట నిబ్బడించి, రెండున్నచోట వర్గము చేయవలెను. సున్నకు 2, రెండునకు 4, సున్నకు 8, రెండునకు 64, మరల రెండునకు 4096, సున్నకు 8192, కడపటి రెండునకు 8192 యొక్క వర్గము, అనఁగా 6,71,08,864. ఏడు మెట్లతోఁ బని ముగిసినది.

ఈ లెక్కలోఁ గడపటి మెట్టును జదువరులు జ్ఞాపకమునం దుంచుకొనవలెను. 26 అనునది 13 కు రెట్టింపు గనుక నుత్కృతిసంఖ్య యతిజగతిసంఖ్యకు వర్గమైనది. ముందు చెప్పఁబోవు కారణాంకము లన్నియు నీ యొక్క మెట్టునుండియే పుట్టినవి.

అన్ని ఛందముల మొత్తమును దెచ్చుటకుఁ గడపటి ఛందముయొక్క సంఖ్యను రెట్టింపు చేసి రెండు తీసివేయుమని విధి. ఏల రెండు తీయవలెను? ఉక్తలో 2, ఉక్తాత్యుక్తలలోఁ గలిపి 6, అనఁగా 8 కి రెండు తక్కువ, మూఁడు ఛందములలో 14, అనఁగా 16 కు రెండు తక్కువ. ఎంతదూరము పోయినను వెనుకటివాని మొత్తము ముందటి ఛందముకంటె రెండు తక్కువగనే యుండును. కాఁబట్టి మొదటి యిరువదియైదు ఛందముల మొత్తము 6,71,08,862. ఉత్కృతి యొక్కటియే 6,71,08,864. రెండును గలుపఁగా 13,42,17,726. ఇరువదియైదు ఛందములును నొకవైపు నిలిచినను నుత్కృతి యొక్కతెకుఁ జాలకపోయెనని చూడుఁడు.

ఇఁక 8 తో ముగియు సంఖ్య యేది? 13,42,17,728 అనునది రెండు తీయని రెట్టింపు. ఉత్కృతిని దాఁటి యిరువదియేడక్షరముల పాదమును గల్పించినచోఁ బుట్టు వృత్తములసంఖ్య యది. అచ్చటికి వచ్చునప్పటికి మనము దండకముల యెల్లలోఁ బ్రవేశించినవారమగుదుము గాన వృత్తముల మొత్తమున దానికిఁ జోటు లేదు. వాచకమును గూర్చినవారు రెట్టింపు చేసిరి గాని రెండు తీయుట మఱచిరి. ఇది సామాన్యమగు మఱపు.

7 తో ముగియునది యంతకంటె వింతయైనది. షట్ప్రత్యయములలోఁ గడపటిది యధ్వము. ప్రస్తారమును నేలపై వ్రాయుటకు స్థలమెంత కావలెనను ప్రశ్నకది యుత్తరము. వృత్తమున కొక యంగుళము, వృత్తమునకు వృత్తమునకు నడుమ నొక యంగుళము విడువవలెను. వృత్తములకంటె నడిమి సందులొకటి తక్కువ గాన వృత్తసంఖ్యను రెట్టించి యొకటి తీసిన నధ్వము వచ్చును. ఉత్కృతికిది 13,42,17,727 అంగుళములు. ఇచ్చటఁ దీయవలసినది యొకటి. మొత్తమునకుఁ దీయవలసినది రెండు. రెండు విధులును బ్రత్యయప్రకరణముననే యున్నవి. ఒకదానిని జదివి మఱియొకదానికి వ్రాసికొన్నవాఁడు 7 ను దెచ్చెను. భాస్కరుఁడు లీలావతిలోఁ జెప్పిన మానము ననుసరించి యిరువదినాలుగంగుళములు హస్తము, నాలుగు హస్తములు దండము, రెండువేల దండములు క్రోశము, నాలుగు క్రోశములు యోజనము. అప్పుడుత్కృతిప్రస్తారమునకుఁ గావలసిన నేల యించుమించు 175 యోజనముల పొడవగును. దినమునకు వేయి చొప్పున వ్రాసినను మొత్తపు వృత్తములను వ్రాసి ముగించుటకు 367 ఏండ్లకుఁ బైఁబడును. ప్రస్తారము వేయక సంఖ్యను దెలిసికొను ప్రత్యయ మేల కావలసివచ్చెనో వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

ఒక్కొక్క యంకె తేడా గల యీ మూఁడు సంఖ్యల స్వభావములు మాత్ర మొకదాని కొకటి పోలికలేనివి. 728 తో ముగియునది కేవలము రెండులచేఁ గట్టఁబడినది. రెండు దప్ప దానికి వేఱు ప్రధానకారణాంకము లేదు. మఱియు నిరువదియేడు తొమ్మిదికి మూఁడురెట్లు గాన నది బృహతిసంఖ్యయగు 512 నకు ఘనము. 727 తో ముగియునది 7, 73, 2,62,657 అను మూఁడు ప్రధానసంఖ్యల లబ్ధము. ప్రధానసంఖ్య యనఁగాఁ దనచేతను ఒకటిచేతను దప్ప మఱి దేనిచేతను నిశ్శేషముగా భాగింపఁబడనిది. ఇఁక మన వృత్తసంఖ్య దీని కారణాంకము లేవి?

పైఁ జెప్పిన మెట్టును స్మరింపుఁడు. వృత్తసంఖ్యలో సగము 6,71,08,863. ఇది 8192 యొక్క వర్గమున కొకటి తక్కువ. ఒక వర్గమునుండి యొకటి తీసిన మిగులునది, మూలమున కొకటి తక్కువైనదానికిని ఒకటి యెక్కువైనదానికిని లబ్ధమని బీజగణితమున మొదటిపాఠము. కాఁబట్టి 6,71,08,863 అనునది 8191 ని 8193 చే గుణింపఁగా వచ్చినది. 8193 లోని యంకెలను గూడిన 21 గాన నది మూఁడుచేఁ బోవును, లబ్ధము 2731. అందుచేత మొత్తము వృత్తసంఖ్య 2, 3, 2731, 8191 అను నాలుగింటి లబ్ధము.

దీనిని ఛందోభాషలోఁ జెప్పినచో నింకను స్పష్టము. పదునాలుగవదగు శక్వరి మొదటిదగు నుక్తకు 8192 రెట్లు. పదునైదవది రెండవదానికి 8192 రెట్లు. ఇట్లే యుత్కృతి యతిజగతికి 8192 రెట్లు. కావున మొదటి పదమూఁడు ఛందముల మొత్తమగు 16,382 ను 8192 చే గుణించినఁ దక్కిన పదమూఁటి మొత్తమగు 13,42,01,344 వచ్చును. రెండు సగములను గలిపిన 16,382 నకు 8193 రెట్లు. ఛందముల వరుస యిరువదియాఱింట నిలుచుటచేతను, ఇరువదియాఱు సరిగా రెండు పదమూళ్ళగుటచేతను గలిగిన ఫలమిది. మన పూర్వులు గాయత్రి మొదలుగా మాత్రమే లెక్కించియుండినచో మొదటి యైదు ఛందములలోని 62 వృత్తములు పోయి 13,42,17,664 మిగులును. దాని స్వభావము వేఱు. అందు 2 ఆఱుమాఱులును, 7 రెండుమాఱులును, 127, 337 ఒక్కొక్కమాఱును గుణకములుగా నుండును.

ఇప్పుడు 2731, 8191 ప్రధానసంఖ్యలే యని యెట్లు తెలియును? 8191 యొక్క వర్గమూలము తొంబదికిఁ గొంచె మెక్కువ. కావునఁ దొంబదిలోపలి ప్రధానసంఖ్యల నన్నింటిని బెట్టి భాగించి చూడవచ్చును, అవి యిరువదినాలుగు. కాని యంత శ్రమ యక్కఱలేదు. ఫ్రాన్సుదేశపు గణితజ్ఞుఁడు ఫెర్మా 1640 లోఁ దన లేఖలలోఁ దెలిపిన సూత్రముచే నీ పని చాలఁ దగ్గును. రెండుకానట్టి యొక ప్రధానసంఖ్యచే 1, 2, 4, 8 అను నిబ్బడి వరుసను భాగించుచుఁ బోయినచో శేషములు కొంతదూరము పోయి మరల నొకటికి వచ్చి తిరుగుడుపడును. ఆ తిరుగుడు పొడవు, ప్రధానసంఖ్యలో నొకటి తీయఁగా మిగిలినదానిని నిశ్శేషముగా భాగించి తీరును. ఇది యా సూత్రము.

8191 ని భాగించు ప్రధానసంఖ్య యేదైన నున్నచో, రెండును బదమూఁడుమాఱులు గుణింపఁగా వచ్చు 8192 దానిచే భాగింపఁబడి యొకటి శేషించును. పదమూఁడు ప్రధానసంఖ్య గాన తిరుగుడు సరిగాఁ బదమూఁడే. కాఁబట్టి యా ప్రధానసంఖ్యలో నొకటి తీసినఁ బదమూఁటిచేఁ బోవలెను. అది బేసి గాన నొకటి తీసిన రెండుచేతను బోవలెను. అనఁగా నది యిరువదియాఱుచే భాగింప నొకటి శేషించు సంఖ్య. తొంబదిలోపల నట్టివి 27, 53, 79 మాత్రమే. 27 ప్రధానము కాదు. 53 చే 8191 ని భాగింప 29 శేషము. 79 చే భాగింప 54 శేషము. పరీక్ష ముగిసినది, 8191 ప్రధానము. 2731 సంగతి మఱింత సులభము. అది 8192 కు ఒకటి కలిపినదానిలోని భాగము గాన దాని భాజకములకుఁ దిరుగుడు 2 గాని 26 గాని కావలెను. తిరుగుడు రెండగునది మూఁడొక్కటే. 2731 అంకెల మొత్తము 13 గాన నది మూఁడుచేఁ బోదు. కావున మరల నిరువదియాఱు నియమమే. వర్గమూలము 52 చిల్లర. అంతలోపల నున్నది 27 ఒక్కటే, అది ప్రధానము కాదు. ఒక్కమాఱైన భాగింపకయే 2731 ప్రధానమని తేలినది. ఉత్కృతి పాదాక్షరసంఖ్యయగు 26 ఇచ్చటను దన యాజ్ఞను సాగించుట చూచి నే నా రాత్రి కొంతసేపు వ్రాయుట మానితిని.

కారణాంకములు తెలిసినపిదప వర్గీకరణము కష్టము కాదు. వృత్తసంఖ్య సరిసంఖ్య. అందే ప్రధానకారణాంకమును రెండుమాఱులు రాలేదు గాన నొకటి దప్ప మఱి యే వర్గముచేతను భాగింపఁబడదు. నాలుగు ప్రధానములును ఒక్కొక్కమాఱే యుండుటచే భాజకములు పదాఱు. ఆ పదాఱింటి మొత్తము 26,85,66,528. ఇది సంఖ్యకు రెట్టింపుకంటె 1,31,076 ఎక్కువ. తన భాజకముల మొత్తము, తన్నుఁ దప్పించి చూచినను, తన్ను మించునట్టి సంఖ్యను గణితజ్ఞు లధికసంఖ్య యందురు. సరిగాఁ దనకు సమమైనచోఁ బరిపూర్ణసంఖ్య యందురు. ఆఱుచేఁ బోవు సంఖ్యలలో నాఱు దప్పఁ దక్కినవన్నియు నధికములే గాన మన సంఖ్య యధికమగుటలో వింత లేదు. కాని యాధిక్యము మిగుల స్వల్పమగుట గమనింపఁదగినది. పదమూఁడుకోట్లకు లక్షముప్పదియొకవేలు!

పరిపూర్ణసంఖ్య ప్రస్తావన వచ్చినది గాన నొకమాట. 1, 2, 4 అని యిబ్బడించుచుఁ గూడఁగా వచ్చిన మొత్తము ప్రధానసంఖ్య యైనచోఁ గడపటి పదముతో దానిని గుణింపఁగాఁ బరిపూర్ణసంఖ్య వచ్చునని గ్రీసుదేశపు యూక్లిడు తన గ్రంథపు తొమ్మిదవభాగమున నిరూపించెను. ఒకటి మొదలు జగతిసంఖ్యయగు 4096 వఱకుఁ గూడిన 8191. ఆ రెండింటి లబ్ధమగు 3,35,50,336 పరిపూర్ణసంఖ్యలలో నైదవది. 8191 వంటి ప్రధానసంఖ్యలు 2024 అక్టోబరునాఁటికి 52 మాత్రమే తెలియవచ్చినవి. వానిలోఁ గడపటిది నాలుగుకోట్లకుఁ బైఁబడిన యంకెలు గలది. త్రిష్టుప్పునకు సంబంధించిన 2047 మాత్రమిట్టిది కాదు. పదునొకండు ప్రధానమైనను 2047 అనునది 23 ను 89 చే గుణింపఁగా వచ్చినది. ఘాత ప్రధానమైన మాత్రమున సంఖ్య ప్రధానము కానక్కఱలేదు.

భాజకములు కేవలము గణితజ్ఞుల వినోదములని తలఁపవలదు. ఉత్కృతిప్రస్తారమున వానికి రూపములు గలవు. దానిఁ జూపుటకు ముందుగా నుద్దిష్టక్రియను మనవారికిఁ బరిచితమగు వృత్తముతో జ్ఞాపకము చేసెదను. పాదమునఁ బ్రథమాక్షరముమీఁద 1, పిదప 2, 4, 8 అని యిబ్బడిగా నంకెలు వ్రాసి, లఘువులమీఁది యంకెలను గూడి, యొకటి కలిపిన వృత్తముయొక్క వరుససంఖ్య వచ్చును. ఉత్పలమాలకు భ ర న భ భ ర గణములును లగములును. దాని లఘువులమీఁద నుండు నంకెలు 2, 4, 16, 64, 128, 256, 1024, 2048, 8192, 16384, 65536, 262144. మొత్తము 3,55,798. కావున నుత్పలమాల కృతిచ్ఛందమున 3,55,799 వ వృత్తము. మొదటిగురువును రెండు లఘువులు చేసినఁ జంపకమాల యగును. తక్కిన యక్షరము లొక్కొక్కస్థానము ముందునకు జరుగును గాన నంకెలన్నియు రెట్టింపై 7,11,596 అగును; క్రొత్తలఘువుల 1, 2 చేరి 7,11,599. ఒకటి కలుపఁగా 7,11,600. శార్దూలవిక్రీడితమునకును మత్తేభవిక్రీడితమునకును నిదే సంబంధము. అవి వరుసగా 1,49,337, 2,98,676. గుర్వాది వృత్తముల వరుససంఖ్య బేసి యగుననియు, లఘ్వాది వృత్తములది సరి యగుననియు బాలురకు దీనివలననే చెప్పవచ్చును.

ఇఁక నుత్కృతికి రండు. మొదటి పదమూఁ డక్షరములు లఘువులుగాఁ, దక్కినవి గురువులుగా నున్నచో లఘువులమీఁది యంకెల మొత్తము 8191. మొదటి యక్షరమును బదునాల్గవ యక్షరమును మాత్రమే లఘువులైనచో నది 8193. ఈ రెండింటిని గుణించుట యనఁగా నేమి? మొదటి సగమునందలి పదమూఁడు లఘువులను రెండవసగమునఁ దిరిగి వ్రాయుట. ఫలము సర్వలఘువు, 6,71,08,863. దీనిని మూఁటిచే భాగింపఁగా వచ్చు 2,23,69,621 అను భాజకము, లఘువు గురువు లఘువు గురువని యొకటి విడిచి యొకటి నడచు పాదముయొక్క మొత్తము. దానికి రెట్టింపైన 4,47,39,242 అను భాజకము గురువుతో మొదలై యట్లే నడచు పాదముది. మొదటిదానిలోని గురువులస్థానమున రెండవదానికి లఘువులుండును గాన రెండింటిని గూడిన సర్వలఘువు వచ్చుట న్యాయమే. లగారంభమైన యా పాదము 2,23,69,622 వ వృత్తము. గలారంభమైనది 4,47,39,243 వది. సర్వలఘువు ప్రస్తారమునఁ గడపటిది. అంకెలుగాఁ జూచినప్పుడు దుర్గ్రహముగా నుండిన భాజకములు పాదముగాఁ జదివినప్పుడు చెవికే తెలియుచున్నవి.

పాఠశోధకులకు దీనివలనఁ గలుగు ప్రయోజనము వేఱొకటి. లక్షణకర్తలు సంఖ్యలను దఱుచు భూతసంఖ్యలతోఁ జెప్పుదురు. మన సంఖ్యను రస, నయన, తురగ, ముని, శశి, కర, వేద, గుణ, భూ శబ్దములతోఁ గుడినుండి యెడమకుఁ జెప్పవచ్చును. రసశబ్ద మాఱింటికి రూఢము. కాని యలంకారము చదివినవాఁడు నవరసములను దలఁచి తొమ్మిదిగాఁ గొనవచ్చును. అట్లు గొన్నచో 13,42,17,729 అగును. మొత్తము సరిసంఖ్య కావలెను గాన నా యర్థము నిలువదు. ఒక యంకె మాఱినప్పుడు తొమ్మిదిచే శోధించుట చాలవఱకుఁ బట్టియిచ్చును. అంకెల మొత్తము 33, తొమ్మిదిచే భాగింప శేషము 6 రావలెను; 728 తో ముగియుదానికి 8 వచ్చును. కాని లేఖకుఁడు ప్రక్కప్రక్కనున్న యంకెలను దాఱుమాఱుగా వ్రాసి 762 అని ముగించినచోఁ దొమ్మిది శోధనము పట్టఁజాలదు, మొత్తము మాఱదు గనుక. అచ్చటఁ బదునొకండుచే శోధింపవలెను. కుడినుండి యొకయంకెను గూడుచు నొకయంకెను దీయుచుఁ బోయిన సరియైన పాఠమునకు 5 వచ్చును. దాఱుమాఱైనదానికి 8 వచ్చును. ఈ రెండింటికిని లొంగని తప్పునకుఁ గడపటి పరీక్ష సగము చేసి యొకటి కలుపుట. వచ్చినది 8192 యొక్క వర్గమైనచోఁ బాఠము శుద్ధము. ఈ పరీక్షకు వేఱొక ప్రతి యక్కఱలేదు. సంఖ్యయే తనకు సాక్షి.

ఇంత చెప్పినందున, 8191 ప్రధానమని పింగళుఁ డెఱుఁగునని గాని, పరిపూర్ణసంఖ్యలు మన ఛందశ్శాస్త్రమున దాఁగియున్నవని గాని నే ననుచున్నట్లు గ్రహింపవలదు. ఆయనకుఁ గావలసినది వృత్తములను లెక్కించుట. కారణాంకములను దీయుట కాదు. లెక్కించు మార్గమును మాత్రము కారణాంకములు తమంతటఁ గనఁబడునంత చక్కఁగా నేర్పఱిచెను. దీనికంటె నెక్కువ పొగడినఁ బింగళునకు గౌరవమేమియు హెచ్చదు.

పెద్దసంఖ్యలయందు ఒకటి కలుపుటయుఁ దీయుటయు నెంత మార్పును దెచ్చునో గణితజ్ఞులకు సైతము తెలియక పోయిన సందర్భము గలదు. లీలావతిలో భాస్కరుఁడు 1150 ప్రాంతమున నొక ప్రశ్న వైచెను. అనుష్టుప్పున నాలుగు పాదములను వేర్వేఱుగఁ దీసికొన్నచో సమవృత్తము లెన్ని, అర్ధసమము లెన్ని, విషమము లెన్ని యని. ఉత్తరము వరుసగా 256, 65,280, 429,49,01,760. మూఁటి మొత్తము 429,49,67,296. రెండును ముప్పదిరెండుమాఱులు గుణింపఁగా వచ్చునది. దీని కొకటి కలిపిన వచ్చు సంఖ్య ప్రధానమని ఫెర్మా నమ్మెను. అది 641 చేఁ బోవునని 1732 లో ఆయిలరు కనుఁగొనెను, లబ్ధము 67,00,417. తొంబదియేండ్లకుఁ బైగా నా నమ్మకము నిలిచియుండెను.

నా వాచకపుఁ బ్రతి యిప్పటికిని నా యొద్దనున్నది. ఆ పుటలో 8 ని గొట్టి 6 వ్రాసి, ప్రక్కను "సగమునకు ఒకటి కలుపఁగా 8192 వర్గము" అని సిరాతో వ్రాసికొంటిని. క్రొత్త వాచకములను గూర్చువారు సంఖ్యకు దిగువ నీ పాటి యొక్కపంక్తిని జేర్చినచో, మార్కు లిచ్చు పండితునకును, మార్కు పోఁగొట్టుకొను బాలునకును దానితోఁ బనియుండును.